మద్దిలేటి గొంతు

నేను దయ్యాలను ఎప్పుడూ నమ్మలేదు. రంగయ్య శెట్టిని నమ్మాను. నా జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పని ఏదని ఎవరైనా అడిగితే ఈ రెండు మాటలూ కలిపి చెబుతుంటాను.

మా అమ్మ జిన్నుల గురించి చెప్పేది. సందెవేళ చింతచెట్టు కిందికి పోవద్దనేది. నేను కావాలని అక్కడికే పోయి బీడీ కాల్చేవాణ్ణి. జిన్ను రాలేదు. బీడీ మాత్రం పట్టుకుంది. పట్టుకుని వదలనిదాన్ని దయ్యం అంటారనుకుంటే, నాకు పట్టిన దయ్యం అదొక్కటే.

నా పేరు దస్తగిరి. చెయ్యి పట్టుకుని ఆదుకునేవాడని ఆ పేరుకు అర్థమని మా నాయన చెప్పేవాడు. అలాంటి పేరున్న నాకే అందరూ కలిసి చెయ్యిచ్చారు. అది ఎలా జరిగిందో, ఆ మధ్యలో నాకు అంతుబట్టనిది ఒకటి ఏం జరిగిందో, ఉన్నది ఉన్నట్టుగా రాస్తున్నాను.

పత్తికొండ టమోటా మార్కెట్లో వేలంపాట పాడేవాణ్ణి. పాట అంటారు గానీ అందులో రాగమూ ఉండదు, తాళమూ ఉండదు. రైతులు బాక్సులు దించుతుంటే ఒక బోర్లించిన బాక్సు మీద నిలబడి ధర అరవడమే పని. ఈ చివర నేను అరిస్తే ఆ చివర టీ అంగడిలో గ్లాసు పట్టుకున్నవాడు తలెత్తేవాడు. రైతులు టమోటాలు అమ్ముకునేవారు. నేను గొంతు అమ్ముకునేవాణ్ణి.

ఒక ఎండాకాలం ఆ గొంతు బొంగురుపోయింది. మొదట మిరియాలు నమిలాను. తర్వాత కలకండ చప్పరించాను. మా ఇంటామె మాబున్ని శొంఠి కషాయం కాచి పోసింది. వానలు పడ్డా తగ్గలేదు. తర్వాత ముద్ద మింగుతుంటే చెవిలో పోటు మొదలైంది. నేను చెవి చూపించుకోవడానికి పోయాను. నా తెలివి ఎంతదో ఇక్కడే మీకు తెలిసిపోవాలి. ఆ డాక్టరే నయం. చెవి చూసి, బాగుందని చెప్పి, "గొంతు ఎన్నాళ్ళ నుంచి ఇట్లుంది?" అని అడిగి, కర్నూలు పొమ్మన్నాడు.

తోడుగా శెట్టి వచ్చాడు. శెట్టి మార్కెట్టు ఎదురుగా కిరాణా అంగడి నడుపుతాడు. ఇద్దరం ఒకే బడి ఎగ్గొట్టాం, ఒకే అయ్యవారి చేత దెబ్బలు తిన్నాం. నేను బీడీ, అతను వక్కాకు. అందులో పొగాకు కూడా పెట్టి దవడలో ఇరికించుకుంటాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ దవడ ఖాళీగా ఉండగా నేను చూడలేదు.

కర్నూలులో అదొక పెద్ద ఆసుపత్రి. పేరు ఎందుకులెండి. తల, మెడ, గొంతు కాన్సర్లు చూసే విభాగంలో ఒక డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి తెర మీద చూసింది. "ఈ... అనండి" అంది. మార్కెట్టు మొత్తాన్ని తల తిప్పించినవాణ్ణి, ఒక్క 'ఈ' పూర్తిగా అనలేకపోయాను. మరో రోజు మత్తిచ్చి గొంతులోంచి చిన్న ముక్క తీశారు. పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక రమ్మన్నారు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పెద్ద రోగమైతే రోగికి చెప్పరు. వెంట వచ్చినవాళ్ళకే చెబుతారు. డాక్టరు చెప్పబోయినా ఇంటివాళ్ళు చెప్పనివ్వరు. వెంట వచ్చినవాడు లోపలికి పోతాడు, రోగి బయట బెంచీ మీద కూర్చుంటాడు, తన పెళ్ళి మాటలు తాను వినకూడని పెళ్ళికూతురులాగా. ఆ పద్ధతి నాకూ తెలుసు. నేనూ మా మామ విషయంలో అలాగే చేశాను. అది నా మీద కూడా వాడతారని మాత్రం తోచలేదు.

ఫలితం చెప్పే రోజు శెట్టి లోపలికి పోయాడు. నేను బయట కూర్చున్నాను. పట్టపగలు. వసారా నిండా జనం. టోకెన్లు పిలిచే నర్సు, ఏడ్చే పసిపిల్ల, చక్రాల కుర్చీ కిర్రుమనడం. నా పక్కన మెడ చుట్టూ పచ్చ గళ్ళ టవలు చుట్టుకున్న మనిషి ఒకడు కూర్చున్నాడు. నల్లగా, బక్కగా, ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. ఇద్దరం ఎదురుగా ఉన్న డాక్టరు తలుపునే చూస్తున్నాం. కూర్చునేటప్పుడు చూసిందే, ఆ తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అప్పుడు నాలుకతో టక్కుమన్న చప్పుడు వినిపించింది. ఎద్దును అదిలించేటప్పుడు చేస్తామే, అలాంటిది.

"ఇనప్పా. నీకు చెప్పరు. నాకూ చెప్పలే. నీది రాచపుండు."

గొంతు కొంచెం కీచుగా ఉంది. మాట చివర పైకి లేస్తోంది. అంత గోలలోనూ చెవి పక్కన చెప్పినంత స్పష్టంగా వినబడింది.

"ఇప్పుడు నీ మనిషి బయటికొస్తాడు. 'ఏం లేదప్పా, ఉత్త గంతి' అంటాడు. పసరు మందుకు పిలుచుకపోతాడు. ఆయప్ప ముక్కులో పసరు పోసి, మాట్లాడొద్దంటాడు. మాట్లాడకపోతే గొంతు తగ్గిందో పెరిగిందో నీకు యట్ల తెలుస్తాది? అదే ఆయప్ప మందు. నేను పోయి చెడినా. నువ్వు పోవద్దు. కోయించుకో."

నేను తిరిగి చూసేలోపు తలుపు తెరుచుకుని శెట్టి బయటికి వచ్చాడు. దవడలో వక్కాకు లేదు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏం లేదప్పా" అన్నాడు. "ఉత్త గంతి. మందుకు కరిగిపోతాది."

మా వైపు గంతి అంటే మామూలు గడ్డ. ఆ మాట ముందే విన్నాక ఎవరికైనా అక్కడే ఒళ్ళు జలదరించాలి. నాకు జలదరించలేదు. నేను శెట్టిని నమ్మాను. పక్కవాడెవడో పనిలేక కూర్చుని అందరికీ జాతకాలు చెబుతున్నాడనుకున్నాను. మెట్లు దిగుతూ శెట్టితో కూడా అన్నాను: "శెట్టీ, ఆడ ఒకడు నాకు రాచపుండని చెప్తాండాడప్పా. వాని మొగానికి డాక్టరు కోటొకటి తక్కువ."

శెట్టి నవ్వలేదు. "పిచ్చినాకొడుకులు శానా మంది తిరుగుతాంటారు ఈడ" అని ముందుకు నడిచాడు.

ఆ తర్వాత మార్కెట్లో నాకు మంచి రోజులు వచ్చాయి. నేను బొంగురు గొంతుతో ధర పలికితే వ్యాపారులు ఎదురు చెప్పకుండా పాడేవారు. కయ్యానికి కాలు దువ్వేవాళ్ళు కూడా "సరేలే దస్తగిరన్నా" అనేవారు. టీ అంగడివాడు పిలవకుండానే టీ పంపేవాడు. అరిచినన్నాళ్ళూ రాని గౌరవం అరుపు పోయాక వచ్చిందని మురిసిపోయాను. అది గౌరవం కాదని, జాలి అని, మార్కెట్టు మార్కెట్టంతా నా రోగం తెలుసుకుని నన్నొక్కణ్ణే వదిలేసిందని నాకప్పుడు తెలియదు.

శెట్టి నన్ను కడప దాటి లోపల ఒక పల్లెకు తీసుకుపోయాడు. గంతులు కరిగించే మందు ఇస్తాడని అక్కడ ఒకాయనకు పేరట. నన్ను పడుకోబెట్టి, ఏదో ఆకు దంచి, ముక్కులో పిండాడు. కళ్ళలోంచి నీళ్ళు, నెత్తిలోంచి పొగ వచ్చినట్టయింది. తర్వాత ఆ మనిషి చేతులు కడుక్కుంటూ అన్నాడు: "మందు పని చేయల్లంటే నెల దినాలు మాట్లాడగూడదు."

అప్పుడు జలదరించింది.

కారులో తిరిగి వస్తున్నంతసేపూ మాట్లాడలేదు. మందు నియమం పాటిస్తున్నానని శెట్టి సంతోషపడ్డాడు. నేను మాత్రం అతని దవడ వంక చూస్తూ కూర్చున్నాను. ఆసుపత్రి తలుపు దగ్గర ఆ దవడ ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు ఆలోచించాను. లోపల ఏం విన్నాడో గానీ, అది విన్నాక ఉమ్మేసి ఉంటాడు.

మర్నాడు మండీకి పోతున్నానని ఇంట్లో చెప్పి కర్నూలు బస్సెక్కాను.

డాక్టరమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోయింది. "మీతో ఎవరొచ్చారు?"

"నేనే వచ్చినానమ్మా, నాకు తోడు."

"మీ తమ్ముడుగారు చెప్పారే, మీకు ఆపరేషన్ ఇష్టం లేదనీ, ఇంకెక్కడో చూపించుకుంటారనీ."

నాకు తమ్ముడు లేడు. నేను ఒక్కగానొక్కణ్ణి. నా నోరు మూసి, నా తరఫున నేనే వద్దన్నట్టు చెప్పి వచ్చాడు శెట్టి. రోగం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. రోగం నాకు తెలియనిది. శెట్టి నాకు తెలిసినవాడు.

"నాకు చెప్పండమ్మా. నా రోగం నాకు చెప్పండి" అన్నాను.

ఆమె చెప్పింది. కాగితం మీద గొంతు బొమ్మ గీసి చూపించింది. స్వరపేటికలో మొదలై పక్కనున్న మెత్తటి ఎముకలోకి పాకిందట. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, మెడలో గడ్డలు కూడా తీయాలి, తర్వాత రేడియేషన్ కరెంటు పెట్టాలి. ఇక మీదట మెడకు చేసిన రంధ్రంలోంచే ఊపిరి. "గొంతు పోతుంది. మీరుంటారు. ఇప్పటికే ఆలస్యం చేశారు, ఇంక చెయ్యొద్దు" అంది.

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నాకు ఈ సంగతి ముందే చెప్పిన మనిషి గురించి అడిగాను. పచ్చ గళ్ళ టవలు, చీలిన చెవి తమ్మె అనగానే పక్కనున్న నర్సు గుర్తుపట్టింది. "మద్దిలేటి. కోయిలకుంట్ల దగ్గర శనగ రైతు. చెకప్‌కు వస్తుంటాడు."

"మాటకారి మనిషి" అన్నాను.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "ఆయన మాట్లాడరండీ" అంది డాక్టరమ్మ. "స్వరపేటిక తీసేసి రెండేళ్ళు దాటింది. మాట కోసం వాల్వు పెట్టాం, ఆయనకు పడలేదు, తీసేశాం."

"నాతో మాట్లాడినాడమ్మా" అన్నాను. రోగం గొంతు దాటి తలకెక్కిందేమోనని ఆమె నా వంక ఒక చూపు చూసింది. నేను రెట్టించలేదు.

పత్తికొండలో దిగి ఇంటికి పోకుండా శెట్టి అంగడికి పోయాను. కందిపప్పు తూస్తున్నాడు.

"శెట్టీ, ఉత్త గంతికి గొంతు తీసేస్తారంటనే?"

పప్పు చేట చేతిలోంచి జారింది. "యెవురు చెప్పినారు నీకు?" అన్నాడు.

అబద్ధమని అనలేదు. ఎవరు చెప్పారని అడిగాడు. అంతే, నాకు ఇంకేం అడగాల్సిన పని లేకపోయింది.

"నా తరపున వద్దని చెప్పేదానికి నువ్వు నాకు తమ్మునివి యప్పుడైనావప్పా?"

"నువ్వు పాట పాడకుండా బతుకుతావా దస్తగిరీ?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మెడకు బొక్క పెట్టుకోని, మూగోని మాదిరి... నిన్నట్ల నేను చూడలేనప్పా."

"చూడలేకపోతే నీ కండ్లు మూసుకోవల్ల. నా నోరు యేంటికి మూసినావు?"

ఇంటికి పోతే మాబున్ని గుమ్మంలోనే కూలబడింది. ఆమెకూ తెలుసు. మా బావమరిదికీ తెలుసు. "తెలిస్తే నీ గుండె ఆడ్నే ఆగిపోతాదని అందురూ ఒకటే మాటయినారు. నీ మొగం చూసి ఆ మాట యట్ల చెప్పేది?" అని ఏడ్చింది. నా గుండె గట్టిదో మెత్తదో నాకు తప్ప ఊళ్ళో అందరికీ తెలిసినట్టుంది. ఆ రాత్రి ఆమె పెట్టిన అన్నం తినబుద్ధి కాలేదు. ఆ కంచంలో ఇన్నాళ్ళూ నాకు తెలియకుండా ఏమేం వడ్డించారో అనిపించింది.

ఆపరేషన్ కోసం చేరిన రోజు అదే వసారాలో మద్దిలేటి కనబడ్డాడు. పక్కన ఆయన భార్య సుంకమ్మ. నేను పోయి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. "అప్పా, నువ్వు చెప్పినట్లే చేస్తాండా. కోయించుకుంటాండా" అన్నాను.

ఆయన అయోమయంగా చూసి టవలు పక్కకు తొలగించాడు. మెడ మధ్యలో రంధ్రం. ఊపిరి అందులోంచి సన్నగా వచ్చిపోతోంది. పెదాలు కదిపాడు. చప్పుడు లేదు. సుంకమ్మ ఆ పెదాల వంక చూసి చెప్పింది: "నీతో యప్పుడు మాట్లాడినా అంటాండాడన్నా."

నేను జరిగింది చెప్పాను. బెంచీ, తలుపు, ఉత్త గంతి, పసరు, నోరు మూయించే మందు. వింటూ వింటూ మద్దిలేటి మొహం పాలిపోయింది. ఆ రోజు నా పక్కన కూర్చున్నది నిజమేనని తలాడించాడు. పెదాలు చాలాసేపు కదిపాడు. సుంకమ్మ ఒక్కో ముక్కా అందుకుని చెప్పింది.

"ఆ దినం నిన్ను చూస్తే పాపమనిపించిందంట. నాకు జరిగిందే ఈయప్పకూ జరుగుతాండాదే అనుకున్నాడంట. ఇవే మాటలంట. అన్నీ అనుకున్నాడంట." మళ్ళీ ఆయన పెదాల వంక చూసింది. "చెప్పే గొంతు లేకపాయనే అని ఏడుపొచ్చిందంట. చెప్పలే అంటాండాడన్నా. అనుకున్నాడంతే."



సుంకమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు ఇన్న గొంతు యట్లుండె అన్నా?"

వేలంపాట పాడేవాళ్ళకు ఇతరుల గొంతులు అనుకరించడం ఒక ఆట. మార్కెట్లో ప్రతి వ్యాపారి గొంతూ నా దగ్గర ఉండేది. నాలుకతో టక్కుమనిపించాను. మిగిలిన కొద్దిపాటి గొంతునూ కీచుగా మార్చి, మాట చివర పైకి లేపాను. "ఇనప్పా..."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మద్దిలేటి గోడ వైపు తిరిగాడు.

"ఇంగోతూరి అనన్నా" అంది.

మళ్ళీ అన్నాను. ఇంకోసారి అన్నాను. ఆయన గొంతు పోకముందు దాన్ని రికార్డు చేసి పెట్టుకునే ఫోనేదీ వాళ్ళ దగ్గర లేదట. నా గొంతు చేసిన చివరి పని అదే. చాలా ఏళ్ళు టమోటాల కోసం అరిచిన గొంతుకు అంతకంటే మంచి ముగింపు నేను అడగలేదు.

నా స్నేహితుడు నా గొంతు కోశాడు. మర్నాడు డాక్టరమ్మ కూడా కోసింది. ఆమె చెప్పి కోసింది.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. నాకు వాల్వు పడింది. మెడ మీద రంధ్రాన్ని వేలితో మూసి మాట్లాడతాను. గరగరమని, పాత రేడియోలాగా. ఇప్పుడు మండీలో మంచి కాయలూ చెడ్డ కాయలూ వేరు చేయించే పని చూసుకుంటున్నాను. ఎవరైనా ఎక్కువ వాగితే వేలు తీసేస్తాను, సంభాషణ అక్కడితో అయిపోతుంది. అందరికీ లేని సౌకర్యం ఇది.

ఆ రోజు విన్నదాని గురించి మాత్రం నాకు ఇప్పటికీ జవాబు లేదు. నాకే లోలోపల అనుమానం ఉండి, దానికి ఎవరి గొంతో తగిలించుకున్నానని ఒక చదువుకున్నాయన అన్నాడు. కావచ్చు. మరి ఆ నాలుక టక్కుమనడం ఎక్కడి నుంచి వచ్చింది? ఎన్నడూ వినని మనిషి గొంతును వాళ్ళ ఇంటామె గుర్తుపట్టేలా నేనెలా అన్నాను? మద్దిలేటిని ఆ తర్వాత చాలాసార్లు కలిశాను. పక్కపక్కన కూర్చుని చెవి రిక్కించి చూశాను. ఆయన ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. జిన్నులను ఇప్పటికీ నమ్మను. ఆ బెంచీని మాత్రం కొంచెం నమ్ముతాను.

శెట్టితో మాటలు మానలేదు. ఉన్నవే కొన్ని, వాటినీ మానేస్తే ఎలా? కానీ అతని అంగడి ముందు పోతున్నప్పుడల్లా నడక వేగం పెంచేవాణ్ణి. పోయిన చలికాలం అతని దవడలో వాపు వచ్చింది. మజ్జిగన్నం తప్ప మింగడం లేదు. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. "దస్తగిరీ, నాకు భయమైతాందప్పా. నువ్వు తోడొస్తేనే కర్నూలు పోతా" అన్నాడు.

పోయాం. అదే ఆసుపత్రి, అదే డాక్టరమ్మ. చూశారు, ముక్క తీశారు, పరీక్షకు పంపారు. ఫలితం చెప్పే రోజు నర్సు తలుపు తీసి అడిగింది: "రంగయ్యతో ఎవరొచ్చారు?"

నేను లోపలికి పోయాను. శెట్టి బయట బెంచీ మీద కూర్చున్నాడు.

డాక్టరమ్మ చెప్పింది: కాన్సరు కాదు. విరిగిన పన్ను ఒకటి రోజూ గీరుకుని గంతి కట్టింది. పన్ను తీసేస్తే పోతుంది. పొగాకు మాత్రం ఇవాళే మానాలి. ఈ మాటలు పేషెంటుకు మీరే చెప్పండని నేనడిగితే, ఒక పావుగంటలో పిలుస్తానంది.

బయటికి వచ్చాను. శెట్టి లేచి నిలబడ్డాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. రెండో చేతి వేలు మెడ మీద పెట్టుకున్నాను.

"ఏం లేదప్పా" అన్నాను. "ఉత్త గంతి."

శెట్టి మొహంలో నెత్తురు దిగిపోవడం చూశాను. మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు. నేను ఒక్క ముక్క కూడా అబద్ధం చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పిందే చెప్పాను. కానీ ఆ మాటలు మొదట వాడింది అతనే, వాటి విలువ అతనికి తెలుసు.

"నిజం చెప్పు దస్తగిరీ" అన్నాడు.

మెడ మీదనుంచి వేలు తీసేశాను.

అతని పక్కన కూర్చుని, ఎదురుగా ఉన్న తలుపు వైపు చూస్తూ, మనసులో గట్టిగా, స్పష్టంగా అనుకున్నాను: ఇనప్పా. నిజంగానే ఏం లేదు. పన్ను పీకించుకోని ఇంటికి పోదాం పా.

కాసేపు ఆగి అతని వంక చూశాను. అతనికి ఏమీ వినబడలేదు. వాచిన దవడను అరచేత్తో పట్టుకుని తలుపునే చూస్తున్నాడు.

టీ తాగి వచ్చి చెబుదాంలే అనుకుని లేచాను. వేడిగా తాగడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు. బాగా చల్లారనిచ్చి తాగాను.